‘పట్టింది’ వేరు, ‘చేసింది’ వేరు

సంపాదకులు గారికి,
నమస్కారం.

పోయిన గురువారం మీ పత్రిక జిల్లా పేజీని కత్తెరతో కత్తిరించి దాచుకున్నాను. ఆ ఒక్క పేజీలో మూడు వార్తలు. పైన పెద్ద అక్షరాలతో ‘వరకట్న పిశాచికి మరో అబల బలి’. దాని కింద ఎడమ పక్కన ‘బాణామతి కలకలం.. వణుకుతున్న పల్లె’, బాణామతి అంటే చేతబడి లాంటిదే. కుడి పక్కన బాక్సు కట్టి, ఫొటో పెట్టి ‘నడిరోడ్డుపై సైకో వీరంగం’. పొద్దున్నే టీ పెట్టుకుని పేపరు విప్పాను. ఆ పేజీ చదవడం అయ్యేసరికి టీ మీద మీగడ కట్టింది.

నేను హైదరాబాద్‌లో ఒక ఆసుపత్రి మానసిక విభాగంలో 27 ఏళ్లు నర్సుగా పనిచేసి 2020లో రిటైరయ్యాను. ఇప్పుడు బోరబండలో మా పెద్దబ్బాయి దగ్గర ఉంటున్నాను. మా ఊరు మెదక్ దిక్కు. దెయ్యం, గాలి, భూతం, చేతబడి అనే మాటలు నేను సినిమాల్లో విన్నవి కావు, డ్యూటీలో రోజూ విన్నవి. పేషెంటు వెంట వచ్చినవాళ్లు రోగం పేరు చెప్పరు, ఈ మాటలే చెబుతారు. ఏం కష్టంతో వచ్చారన్నది వాళ్లు చెప్పిన మాటల్లోనే కేసు షీటులో ఎక్కించాలని మాకు నేర్పారు. అందుకని ఈ మాటలను వేల సార్లు నా చేత్తో రాశాను. రాయగా రాయగా నాకు అర్థమైన ఒక సంగతి మీకు చెప్పాలనే ఈ ఉత్తరం. పొడుగైంది, అయినా చివరిదాకా చదవమని మనవి.

మన భాషలో దెయ్యం ఏం చేస్తుందో చూడండి. పడుతుంది. గాలి సోకుతుంది, తాకుతుంది, తగులుతుంది. జలుబు కూడా పడుతుంది. వడదెబ్బ తగులుతుంది. అంటువ్యాధి సోకుతుంది. కరోనా రోజుల్లో మీరే రాశారు, ‘కుటుంబంలో నలుగురికి సోకింది’ అని. రోగానికీ దెయ్యానికీ వాడే క్రియలు ఇవే. మనిషి తన మానాన తాను ఉన్నాడు, బయటినుంచి ఏదో వచ్చి పట్టింది, అది వదిలితే మళ్లీ మామూలు మనిషే. ‘మా పొల్లకు గాలి తాకింది సిస్టరమ్మా’ అని ఒక తల్లి చెప్పిందంటే ఆ మాటలో పిల్ల తప్పేమీ లేదు. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్లు ‘సాయా’ అనేవారు. సాయా అంటే నీడ. ‘ఊపర్ కా అసర్’ అనేవారు, పైనుంచి వచ్చి పడ్డ ప్రభావం అని. నీడ పడ్డంత మాత్రాన మనిషి చెడ్డవాడైపోడు.

కొత్తగా వచ్చిన డాక్టరు పిల్లలు ఈ మాటలు వినగానే ‘అలాంటివేం లేవమ్మా, అవన్నీ మూఢనమ్మకాలు’ అని మొదలుపెట్టేవారు. వాళ్లన్నది నిజమే. కానీ ఆ మాట పడగానే ఆ తల్లి నోరు మూసుకునేది. ఇక ఏమడిగినా ‘ఏమో సారూ, నాకేం తెలుసు’ అనేది. నేను చేరిన కొత్తలో ఒక సీనియర్ సిస్టర్ నాకు చెప్పింది, ‘దెయ్యం లేదని వాదించకు. ఎన్ని రోజులైంది పట్టి, అని అడుగు’ అని. నా ఉద్యోగం మొత్తంలో నాకు అంతగా పనికొచ్చిన మాట ఇంకోటి లేదు.

ఒక బాలింత సంగతి చెబుతాను. 2004 వానాకాలం. సంగారెడ్డి అవతలినుంచి జీపులో తెచ్చారు. కాన్పయి తొమ్మిదో రోజు, పచ్చి బాలింత. నడుముకు వేపమండ కట్టారు. మెడలో మూడు తాయెత్తులు. కుడి పిడికిట్లో నిమ్మకాయ. దాన్ని ఎంత గట్టిగా పట్టుకుందంటే, రసం మణికట్టు దాకా కారి ఎండిపోయి, ముట్టుకుంటే చర్మం జిగటగా వేళ్లకు అంటుతోంది. రవిక పాలతో తడిసిపోయింది. నాలుగు రాత్రులనుంచి కన్ను మూయలేదట. ఫ్యాను వంక చూస్తూ ఎవరితోనో మాట్లాడుతోంది. బిడ్డను దగ్గరికి తెస్తే ‘ఇది నా బిడ్డ కాదు, మార్చిన్రు’ అంటోంది.

“పట్టి ఎన్ని రోజులైందవ్వా?” అని అత్తను అడిగాను.

“అయిదొద్దులైతుంది బిడ్డా. స్నానం చేపిచ్చిన నాడు చింతచెట్టు కిందికెల్లి నడిచింది. గప్పట్నించే.”

ఇక ఆమె ఆపకుండా చెప్పుకొచ్చింది. నిద్ర ఎప్పుడు తప్పింది, తిండి ఎప్పుడు మానేసింది, జ్వరం కాసిందా, బిడ్డ మీద చెయ్యి ఎత్తిందా, ఇంతకుముందు ఇంట్లో ఎవరికైనా ఇలా అయిందా, అన్నీ. డాక్టరుకు కావలసినవి సరిగ్గా అవే. కాన్పయిన ప్రతి వెయ్యి మందిలో ఒకరికో ఇద్దరికో ఇలా అవుతుంది, ఎక్కువగా మొదటి రెండు వారాల్లోనే. మందులకు బాగా లొంగే జబ్బు. ఆలస్యం చేస్తేనే తల్లికీ బిడ్డకూ ప్రాణం మీదికి వస్తుంది. “వదుల్తదా బిడ్డా?” అని అడిగింది అత్త. “వదులుతుందవ్వా. సూదిమందుకు వదులుతుంది. మూడు వారాలు పట్టొచ్చు” అన్నాను. అందులో అబద్ధమేమీ లేదు. ఆ పిడికిలిని నేను బలవంతంగా విప్పలేదు. రాత్రి ఇంజెక్షన్ పనిచేసి నిద్ర పట్టాక, వేళ్లు వాటంతట అవే విడిపోయి, నిమ్మకాయ మంచం కిందికి దొర్లింది. ఇరవై రెండో రోజు ఆ పిల్ల బిడ్డను ఒళ్లో వేసుకుని, అత్తచేత తల దువ్వించుకుంటూ కూర్చుంది.

చింతచెట్టు అంటే గుర్తొచ్చింది. మా దిక్కు పిల్లలకు దెయ్యం చింతచెట్టు మీదే ఉంటుందని చెబుతారు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి నగరాన్ని ముంచినప్పుడు, అఫ్జల్‌గంజ్‌లో ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. నైట్ డ్యూటీ అంటే భయపడే కొత్త నర్సులకు ఈ కథ చెప్పి, వీలుంటే ఒకసారి వెళ్లి చూసి రమ్మనేదాన్ని.

దయ్యం అన్న మాట పుట్టుక నాకు చెప్పింది ఒక పేషెంటే. ఆయన తెలుగు పండితులు. ఏడాదికోసారి మనసు అదుపు తప్పేది, వచ్చి నెలో రెండు నెలలో ఉండి బాగై వెళ్లేవారు. ఒకరోజు నేను మాత్రలు ఇస్తుంటే ‘సిస్టర్, దైవానికి వికృతి ఏమిటో చెప్పండి’ అన్నారు. నాకు తెలియదన్నాను. ‘దయ్యం. బడిపిల్లలను అడిగినా చెబుతారు. దైవం ప్రకృతి, దయ్యం వికృతి. రాక్షసి, రక్కసి అయినట్టే. పాత కావ్యాల్లో దయ్యమంటే దైవమనే అర్థం’ అన్నారు. భూతం గురించి కూడా ఆయనే చెప్పారు. భూతమంటే ఉన్నది, జరిగిపోయింది అని. పంచభూతాల్లో ఉన్నది ఆ భూతమే, భూతకాలంలోనూ అదే. భూతదయ అంటే ప్రాణులన్నిటి మీదా దయ. ఆయుర్వేదానికి ఎనిమిది అంగాలుంటే అందులో భూతవిద్య ఒకటట. మన ఊళ్లలో దెయ్యం వదిలించేవాణ్ని భూతవైద్యుడు అంటాం కదా, ఆ పేరులో వైద్యుడు ఉన్నాడు. మనసుకు వచ్చే తిప్పలకు వైద్యం కావాలని మన పాతవాళ్లు ఆ పేరులోనే ఒప్పుకున్నట్టు నాకు అనిపించింది. వాళ్ల దగ్గర మందు లేదు, అంతే. ఇప్పుడు ఉంది.

అందుచేత దెయ్యం, గాలి అన్న మాటల మీద నాకేం కోపం లేదు. పూనకం మీద అసలే లేదు. మా దిక్కు దాన్ని శిగం అంటారు, శిగమూగడం అంటారు. లష్కర్ (సికింద్రాబాద్) బోనాల మర్నాడు ఉజ్జయినీ మహంకాళి గుడిలో పచ్చికుండ మీద నిలబడి రంగం, అంటే భవిష్యవాణి, చెప్పే తల్లిని చూడటానికి నేను ఎన్నోసార్లు వెళ్లాను. శిగమొచ్చినప్పుడు చుట్టూ ఉన్న ఆడవాళ్లు ఏం చేస్తారో చూడండి. ఒకామె నడుము పట్టుకుంటుంది, ఇంకొకామె కొంగు సర్దుతుంది, ఇంకొకామె చెంబుతో నీళ్లు పట్టుకుని తయారుగా ఉంటుంది. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు దిగుతుందో వాళ్లకు తెలుసు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022నుంచి అమలు చేస్తున్న రోగాల జాబితాలో కూడా, సంస్కృతిలో భాగంగా నలుగురూ ఒప్పుకున్న పూనకాన్ని జబ్బుగా లెక్కించకూడదనే ఉంది. దాన్ని మూఢనమ్మకం అని రాసేవాళ్లు, మర్నాడే సినిమా పేజీలో ‘థియేటర్లలో పూనకాలు’ అని రాస్తారు. సోది అన్న మాటకూ అదే గతి పట్టింది. ఒకప్పుడు సోది అంటే చచ్చిపోయినవాళ్ల తరఫున, దేవత తరఫున మాట్లాడటం. కొడుకు పోయిన తల్లి గద్దె ముందు కూర్చుని వాడి మాట వినడానికి ఏడుస్తూ చెవి ఒగ్గేది. ఇప్పుడు ‘సోది ఆపు’ అంటున్నాం. మాటలు మారతాయి, మారనివ్వండి. నా బాధ ఇది కాదు.

నా బాధ బాణామతి గురించి. గాలి తాకింది, దెయ్యం పట్టింది అంటే అక్కడ ముద్దాయి లేడు. బాణామతి చేసింది, చేతబడి చేయించాడు, గోదావరి దిక్కు చెప్పినట్టు చిల్లంగి పెట్టింది అంటే వాక్యానికి కర్త కావాలి. ఆ కర్త మనిషే. ఊరు వెతకడం మొదలుపెడుతుంది. ఎప్పుడు వెతికినా ఒంటరి ముసలమ్మ దొరుకుతుంది, గట్టు తగాదా ఉన్న పాలివాడు దొరుకుతాడు, ఊరి చివరి గుడిసెవాడు దొరుకుతాడు. దేశంలో జరిగే హత్యల కారణాలను లెక్కగట్టే జాతీయ నేర గణాంకాల్లో మంత్రాల అనుమానానికి నేటికీ ఒక గడి ఉంది. ఆ గడి ఏ ఏడూ ఖాళీగా ఉండదు.

మా అమ్మమ్మకు చెల్లెలు ఉండేది. మేం చిన్నవ్వ అనేవాళ్లం. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. రెండు బర్లు, ఎకరంన్నర మెట్ట చెలక. 1971లో నాకు తొమ్మిదేళ్లు. ఆ ఎండాకాలం మా ఊళ్లో ముగ్గురు ఆడపిల్లలు ఒకరి తరవాత ఒకరు విరుచుకుపడిపోయారు. కుక్కలా మొరిగారని చెప్పుకున్నారు, నేను చూడలేదు. గాలి అన్నారు మొదట. అంత్రాలు, అంటే తాయెత్తులు, కట్టారు. అక్కడితో ఆగిపోతే పిల్లలు వాళ్లంతట వాళ్లే తేరుకునేవాళ్లు. నిజానికి తేరుకున్నారు కూడా, ముగ్గురికీ పెళ్లిళ్లయ్యాయి, మనవలున్నారు. కానీ పక్క ఊరినుంచి వచ్చిన ఒకడు ‘ఇది గాలి కాదు, చేసిన పని’ అన్నాడు. ఆ ఒక్క మాటతో గాలి పోయి బాణామతి వచ్చింది. చిన్నవ్వ చెలక పక్కనే ఆమె మరిది కొడుకుల చెలక. నేను ఆ రోజు బడినుంచి వస్తుంటే రావిచెట్టు దగ్గర జనం. నన్ను ఎవరో ఎత్తుకుని ఇంట్లో పడేసి బయట గొళ్లెం పెట్టారు. మంత్రం నోటినుంచి సరిగ్గా పలకకుండా చేయాలంటే పళ్లు ఊడగొట్టాలని అప్పుడు మా దిక్కు అనుకునేవారు. రాయితో ఊడగొట్టారు. పైన ఆరు, కింద నాలుగు.

చిన్నవ్వ తరవాత పదకొండేళ్లు బతికింది. జొన్న గట్క మజ్జిగలో మెత్తగా పిసుక్కుని తినేది. ముందు పళ్లు లేకపోతే త, ద, స పలకవు. నా పేరులో ఆ మూడూ ఉన్నాయి. నన్ను పిలవడానికి ప్రయత్నించేది, గాలి వచ్చేది, పేరు వచ్చేది కాదు. కొన్నాళ్లకు పేరు మానేసి ‘బిడ్డా’ అనడం మొదలుపెట్టింది. పోలీసు కేసు కాలేదు. చెలక మరిది కొడుకులు దున్నుకున్నారు. నేను నర్సు ట్రైనింగ్‌కు హైదరాబాద్ వచ్చేముందు కాళ్లు మొక్కితే, తన ముంతలో దాచుకున్న పదకొండు రూపాయలు నా చేతిలో పెట్టింది.

మీ పేజీలో ‘బాణామతి కలకలం’ వార్తలో ఏముందో మళ్లీ చూడండి. ఇద్దరు పిల్లలు అస్వస్థతకు గురయ్యారు. బట్టలు వాటంతట అవే అంటుకున్నాయట. ‘గ్రామానికి చెందిన ఓ వృద్ధుడిపై స్థానికులు అనుమానం వ్యక్తం చేస్తున్నారు’ అని చివరి వాక్యం. ఆయన పేరు మీరు వేయలేదు, సరే. కానీ ఊరి పేరు వేశారు, ఆయన ఇల్లు ఏ గుడి వెనక ఉందో వేశారు. ఆ పేపరు ఆ ఊళ్లో టీ కొట్టు దగ్గర పదిమంది చదువుతారు. నోటితో అన్న మాట పొద్దుగూకేలోగా మరిచిపోవచ్చు, అచ్చులో పడ్డ మాటను చేతిలో పట్టుకుని తిరుగుతారు. ఆ పిల్లలను ఏ డాక్టరు చూశాడో, బావి నీళ్లు ఎవరైనా పరీక్షించారో, ఆ ముసలాయనకూ ఫిర్యాదు చేసినవాళ్లకూ మధ్య భూమి తగాదా ఏమైనా ఉందో మీ విలేకరి అడగలేదు. ఆయనకు ఇప్పుడు పళ్లున్నాయో లేదో నాకు తెలియదు. ఈ వారం రోజులూ అదే టెన్షన్.

ఇక పైనున్న వార్త. వరకట్న పిశాచి. ఆ అమ్మాయికి 23 ఏళ్లు, పెళ్లై రెండేళ్లు. ఈ పిశాచి ఎవరు? వార్త లోపల చదివితే మూడో పేరాలో భర్త ఉన్నాడు, అత్త ఉంది, ఇంకో అయిదు లక్షలు తెమ్మని కొట్టిన రోజు ఉంది. శీర్షికలో వాళ్లెవరూ లేరు. పిశాచి వచ్చింది, బలి తీసుకుంది, వెళ్లిపోయింది. పెళ్లైన ఏడేళ్లలోపు ఇలా చనిపోతే భారతీయ న్యాయ సంహిత 80వ సెక్షన్ కింద వరకట్న మరణమని కేసు పెడతారు, నేరం రుజువైతే ఏడేళ్లకు తగ్గని శిక్ష. కోర్టుకు పిశాచిని పిలవరు, భర్తను పిలుస్తారు. మరి శీర్షిక ఎందుకు భర్తను దాస్తుంది? ముద్దాయి లేనిచోట ‘బాణామతి’ అని ఒక ముసలాయన్ని పట్టిచ్చారు. ముద్దాయి కళ్లెదుట ఉన్నచోట ‘పిశాచి’ అని తప్పించారు. ఒకే పేజీలో రెండూ జరిగాయి సార్, నన్ను కలచివేసింది అదే.

‘ఫ్లోరైడ్ భూతం’ అని కూడా ఏళ్ల తరబడి రాశారు. నల్లగొండ నుంచి నడుము వంగి, కాళ్లు వంకర్లు పోయిన మనుషులు మా ఆసుపత్రికి వచ్చేవాళ్లు. ఫ్లోరైడ్ భూతం కాదు. రాళ్లలోనుంచి బోరునీళ్లలోకి దిగే లవణం, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదని లెక్క ఉంది. లెక్క రాస్తే ఏ ఊళ్లో ఎంతుందని జనం అడుగుతారు. భూతం అని రాస్తే దండం పెట్టి ఊరుకుంటారు. మహమ్మారి అన్న మాటను మాత్రం నేను తప్పు పట్టను. అది మారి తల్లి పేరు, మన వాళ్లు అంటురోగాన్ని తలుచుకునే పేరే అది. కరోనాలో ఎవరో ఒకరిని తప్పించడానికి పుట్టించిన మాట కాదు.

మూడో వార్త గురించి రాయడానికి చెయ్యి ఆడటం లేదు. ఆ ఫొటోను భూతద్దం పెట్టి చూశాను. పాతికేళ్ల కుర్రవాడు, చొక్కా లేదు, కరెంటు స్తంభానికి తాడుతో కట్టేసి ఉన్నాడు. పెదాలు పగిలి ఎండిపోయాయి. కుడిచేతి మీద, మణికట్టుకు రెండు వేళ్ల పైన, దూది పెట్టి అంటించిన ప్లాస్టర్ ముక్క. అది మీ ఫొటోగ్రాఫర్ గమనించి ఉండడు, నేను 27 ఏళ్లు అలాంటివి అంటించాను. అంటే ఒకటి రెండు రోజుల కింద ఎక్కడో ఎవరో అతనికి సెలైన్ ఎక్కించారు. ఎవరో అతనికి వైద్యం మొదలుపెట్టారు. అతను అక్కడినుంచి వచ్చేశాడు. అతనికి ఒక ఇల్లు ఉంది, ఎక్కడో వెతుకుతున్న అమ్మ ఉంది. మీరు ముఖం కనబడేలా ఫొటో వేసి ‘సైకో’ అన్నారు. దెయ్యం పట్టింది అని వేసినా ఇంతకన్నా నయం. దెయ్యం పట్టినవాడికి వదిలే రోజు ఒకటి ఉంటుంది. సైకోకు ఆ రోజు లేదు. ఆ మాట జబ్బును మనిషికి పేరుగా పెట్టేస్తుంది. మన నగరంలో ‘ఎర్రగడ్డ కేసు’ అని నవ్వుతారు కదా, అక్కడి మానసిక ఆసుపత్రిలో నయమై పనుల్లోకి వెళ్లినవాళ్లు ఆ నవ్వుకు భయపడి, ఎక్కడ వైద్యం చేయించుకున్నారో కట్టుకున్నదానికి కూడా చెప్పుకోరు. మందులు అయిపోయినా చీటీ పట్టుకుని మెడికల్ షాపుకు వెళ్లడానికి జంకి ఆపేసేవాళ్లను నేనెరుగుదును.

జబ్బులో తమ చేతులతోనే కన్నబిడ్డను పోగొట్టుకున్న తల్లుల మీద ‘తల్లి కాదు రక్కసి’ అని వేసే శీర్షికలు కూడా ఇంతే. 2004లో ఆ అత్త మా దగ్గరికి తేకపోయి ఉంటే, ఆ రాత్రే ఏదైనా జరగరానిది జరిగి ఉంటే, నిమ్మకాయ పట్టుకున్న ఆ పిల్ల మీ పేజీలో రక్కసి అయ్యేది.

తాళ్లతో కట్టడం గురించి ఒక మాట. 2001 ఆగస్టు 6న తమిళనాడులో ఎర్వాడిలో, దెయ్యాలు వదులుతాయని నమ్మి తెచ్చి గొలుసులతో కట్టేసిన 28 మంది, పాక అంటుకుంటే పారిపోలేక కాలి చనిపోయారు. ఆ వార్త వచ్చిన రోజు మా వార్డులో ఎవరూ అన్నం తినలేదు. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది. రోడ్ల మీద ఇలా తిరిగేవాళ్లు కనబడితే పోలీసులు రక్షణలోకి తీసుకుని, 24 గంటల్లోపు దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చాలని అదే చట్టం చెబుతోంది. స్తంభానికి కట్టమని చెప్పలేదు.

నేను అడిగేది పెద్దదేం కాదు. దెయ్యం, గాలి, పూనకం అని జనం అన్న మాటలను అన్నట్టే వేయండి, వాళ్ల మాటను వాళ్ల నోట్లోనే ఉంచండి. మీ సొంత గొంతుతో మాత్రం అనకండి. బాణామతి వార్త వచ్చినప్పుడు డాక్టరును, తహసీల్దారు ఆఫీసును కూడా అడిగి రాయమని విలేకరులకు చెప్పండి. అనుమానం ఎవరి మీదో ఆచూకీ తెలిసేలా రాయవద్దు. అలాంటి వార్త కింద రెండు లైన్ల చోటిచ్చి 14416 అని వేయండి. అది టెలీ మానస్ నంబరు, 2022 అక్టోబర్ 10న మొదలైంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ‘మా పిల్లకు గాలి తాకింది’ అని చెప్పినా వింటారు.

ఆ కత్తిరించిన పేజీని ఈ ఉత్తరంతో పాటు పంపుతున్నాను. శీర్షికల పక్కన నాకు తోచింది పెన్సిల్‌తో రాశాను, తప్పయితే మన్నించండి. మొదటిదాని పక్కన ‘కట్నం కోసం కోడలి మరణం: భర్త, అత్తపై కేసు’ అని రాశాను. రెండోదాని పక్కన ‘ఇద్దరు పిల్లలకు అస్వస్థత: వృద్ధుడికి రక్షణ కల్పించాలి’ అని రాశాను. మూడోదాని పక్కన ఏమీ రాయలేదు. ఆ అబ్బాయి కట్టు ఎవరు విప్పారో, తరవాత ఎక్కడికి తీసుకెళ్లారో వార్తలో లేదు. మీ విలేకరికి తెలిస్తే కనుక్కుని నాకు ఒక ఉత్తరం ముక్క రాయించండి. అడ్రస్ కవరు వెనక ఉంది.

నా పేరు వేయవద్దని మనవి. మా ఊళ్లో చిన్నవ్వ మరిది మనవలు మీ పత్రికే చదువుతారు.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సు,
బోరబండ, హైదరాబాద్.